పెట్టెను పుట్టగా మార్చాలి: సీమ ఎండల్లో పెంపుడు పాము

(కర్నూలులో, ఎండాకాలం మొదట్లో, పెంపుడు పాములున్న ఇళ్లవాళ్ల ముందు, పశువైద్యం చదువుతున్న పిల్లల ముందు చేసిన ప్రసంగం. సభికులు అడిగిన ప్రశ్నలను అడిగిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

ఏప్రిల్ నెలాఖరులో మధ్యాహ్నం మూడు గంటలకు, మీ ఇంట్లో పాము పెట్టె ఉన్న గదిలో వేడి ఎంతుందో ఎవరైనా కొలిచారా? బయట 42, 43 ఉన్న రోజున, పైన ఇంకో అంతస్తు లేని మిద్దె ఇంట్లో గది లోపల 38 దాటడం మామూలే. రాత్రి పదింటికి బయట గాలి కాస్త చల్లబడుతుంది. కానీ పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. మనం ఫ్యాను కింద పడుకుంటే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. పాముకు చెమట పట్టదు. గది గాలి 38 ఉంటే ఫ్యాను విసిరేదీ ఆ 38 డిగ్రీల గాలినే. అది పామును చల్లబరచదు, పెట్టెలో ఉన్న కాస్త తేమను కూడా లాగేస్తుంది.

పాముల పెంపకం గురించి దొరికే సమాచారంలో చాలావరకు చలిదేశాల వాళ్లు రాసిపెట్టింది. పెట్టెను ఎలా వెచ్చగా ఉంచాలన్నదే వాళ్లకున్న చింత. అందుకని పామును కొన్న రోజే హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పరుపు, బల్బు కూడా కొనిపిస్తారు. కర్నూలులో, అనంతపురంలో, కడపలో లెక్క తిరగబడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మనకు హీటరుతో పనే లేదు. మనం సంపాదించుకోవలసింది చల్లదనం, తేమ. ఈ రెండూ కుదిరిన ఇంట్లో తిండి, కుబుసం, జబ్బుల బాధలు సగానికి సగం రానేరావు.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. మన నేల మీద పుట్టిన పామును, విషం ఉన్నా లేకపోయినా, పట్టి ఇంట్లో పెంచుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దానికి ఒప్పుకోదు. జెర్రిపోతయినా, నీరుకట్టె అయినా, రెండు తలల పాము అయినా అంతే. కొండచిలువ ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా అయిన షెడ్యూల్ 1లో ఉంది. దాన్ని పట్టి పెట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందనీ, లక్షలకు అమ్ముడుపోతుందనీ చెప్పి బేరాలు చేసేవాళ్లు మన జిల్లాల్లో తిరుగుతూనే ఉన్నారు. దానికి రెండు తలలుండవు. తోక మొద్దుగా, తలలాగా ఉంటుంది, అంతే. నేలలో ఎలుకలను తిని బతికే సాధుజీవి అది. దాని పేరు చెప్పి ఎవరైనా మీ గడప తొక్కితే అటవీ శాఖకు ఫోన్ చేయండి.

ఇంట్లో పెంచుకోవడానికి వీలున్నవి విదేశీ జాతులే. మన దగ్గర ఎక్కువగా కనిపించేది బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. భయపడితే ఉండలా చుట్టుకుని తలను మధ్యలో దాచుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. ఇది అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది. కాబట్టి 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొత్తగా తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. పాము చనిపోయినా, గుడ్లు పొదిగి పిల్లలైనా, ఇంకొకరికి ఇచ్చినా ఆ సంగతీ తెలపాలి. అమ్మేవాడి దగ్గర నమోదు కాగితాలు లేకపోతే, పాము ఎంత ముద్దుగా ఉన్నా, ఎంత చవగ్గా ఇస్తున్నా తీసుకోవద్దు. ఇంకొకటి కార్న్ స్నేక్. అమెరికా ఆగ్నేయ ప్రాంతపుది, వేడికి కాస్త ఓర్చుకుంటుంది, 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఈరోజు మాటల్లో ఎక్కువ భాగం బాల్ పైథాన్ గురించే, ఎందుకంటే మన ఎండలకు ముందు దెబ్బతినేది అదే. ఇది 20, 30 ఏళ్లు బతుకుతుంది. పదో తరగతి పిల్లవాడికి కొనిపెడితే, వాడి పిల్లలు స్కూలుకు వెళ్లే నాటికి కూడా ఆ పాము మీ ఇంట్లోనే ఉంటుంది. ఆ లెక్క వేసుకున్నాకే కొనండి.

ఇక అసలు విషయం. ఆఫ్రికాలో ఈ పాము పగలంతా ఎక్కడుంటుంది? ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన పాములు చేసేదీ అదే. మే నెలలో చేనులో పుట్ట పైన చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. అదే పుట్ట లోపల మూరెడు లోతున మన్ను చల్లగా, చెమ్మగా ఉంటుంది. మన్ను మందంగా ఉండి ఎండను ఆపుతుంది, లోపలి తేమ బయటికి పోదు, సందు ఇరుకుగా ఉండి పాము ఒంటికి నాలుగు వైపులా ఆనుకుంటుంది. మన పెట్టె చేయవలసిన పని కూడా ఇదే. చుట్టూ అద్దాలు, పైన జాలీ మూత ఉన్న చేపల తొట్టి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎండ లోపలికి వస్తుంది, తేమ పైనుంచి పోతుంది, దాక్కోవడానికి చోటుండదు.

కాబట్టి అద్దాల తొట్టి కంటే చెక్క పెట్టె గానీ పీవీసీ పెట్టె గానీ మేలు. ముందు వైపు మాత్రమే అద్దం తలుపు, రెండు పక్కలా చిన్న గాలి రంధ్రాలు. పెద్ద పాముకు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉండాలి. పిల్ల పాముకు 60 పొడవు చాలు, కానీ దాక్కునే గూళ్లు ఎక్కువ పెట్టాలి. ఇప్పటికే అద్దాల తొట్టి కొనేశారా? మూడు వైపులా బయటి నుంచి థర్మోకోల్ షీటు అంటించండి. పైన జాలీలో మూడొంతుల్లో రెండొంతులు పాలిథిన్ షీటుతో కప్పేయండి. చూడ్డానికి అందంగా ఉండదు, పాము మాత్రం హాయిగా ఉంటుంది.

వేడి లెక్క రాసుకోండి. పెట్టెలో ఒక చివర వెచ్చని వైపు 31, 32 డిగ్రీలు. రెండో చివర చల్లని వైపు 25 నుంచి 27. ఎక్కడా 34 దాటకూడదు. 35 దాటి గంటలు గంటలు గడిస్తే ప్రాణానికే ముప్పు. గాలిలో తేమ 55 నుంచి 65 శాతం. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 25, 30 శాతానికి పడిపోతుంది. అంటే వేడి 10 డిగ్రీలు ఎక్కువ, తేమ సగానికి సగం తక్కువ. మనం దాటవలసిన దూరం ఇది. పెట్టె చివరికొకటి చొప్పున రెండు డిజిటల్ థర్మామీటర్లు, తేమ చూపే మీటరు ఒకటి పెట్టండి. తలుపుకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లను నమ్మవద్దు, నాలుగైదు డిగ్రీలు అటూఇటూ చూపిస్తాయి.

ముందు గది సంగతి. పడమటి గోడ ఉన్న గది వద్దు. సాయంత్రం ఎండంతా ఆ గోడే తాగుతుంది. కింది అంతస్తులో ఉత్తరం గానీ తూర్పు గానీ ఉన్న గది చూడండి. మిద్దె పైన తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయిస్తే పాముకే కాదు, ఇంట్లో వాళ్లందరికీ సుఖం. పెట్టెను నేలకు దగ్గరగా పెట్టండి, బీరువా మీద పెట్టొద్దు. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి ఒకే గదిలో నేలకూ అటకకూ మధ్య మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటుంది.

తర్వాత కూలరు. ఎండ మనకు శాపమైనా, ఆ పొడి గాలే కూలరుకు వరం. గాలి ఎంత పొడిగా ఉంటే గడ్డి తడకల్లో నీళ్లు అంతగా ఆవిరై, గాలి అంత చల్లబడుతుంది. బయట 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్నప్పుడు మంచి కూలరు 28, 30 డిగ్రీల గాలిని ఇస్తుంది. దాంతోపాటు గదిలో తేమ కూడా పెరుగుతుంది. సముద్రం పక్క ఊళ్లవాళ్లకు ఈ అదృష్టం లేదు. కానీ పద్ధతి ఉంది. ఎదురుగా కిటికీ గానీ తలుపు గానీ జానెడు తెరిచి ఉంచకపోతే తేమ పేరుకుపోయి కూలరు పనిచేయడం మానేస్తుంది. గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టకూడదు, గదిని చల్లబరచాలి. నీళ్లలో అత్తరు, వాసన మందులు కలపొద్దు. వారానికొకసారి తొట్టి ఎండగట్టి కడగండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. జులై నుంచి వానలు పడి గాలిలో తేమ పెరిగాక కూలరు పెద్దగా చల్లబరచదు. అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఏసీ ఉన్నవాళ్లు 27లో పెట్టుకోండి. ఏసీ చల్లదనం ఇస్తుంది గానీ తేమను లాగేస్తుంది. ఏసీ గదిలో తడి గూడు తప్పనిసరి.

తడి గూడు అంటే ఏమిటో చూపిస్తాను. (వక్త బల్ల మీది మట్టికుండ సగం ముక్కను చేతిలోకి తీసుకున్నారు.) ఇది నిలువుగా రెండుగా కోసిన కుండ. కుమ్మరి దగ్గర కాల్చిన మామూలు కుండే, రంగూ మెరుపూ పూయనిది. అంచులు బండ మీద అరగదీశాం, వేలితో తడిమితే గీసుకోకూడదు. దీన్ని పావుగంట నీళ్లలో నానబెట్టి, బోర్లించి, చల్లని వైపు పెట్టండి. లోపల తడిపి గట్టిగా పిండిన నాచు గానీ కొబ్బరి పొట్టు గానీ రెండు వేళ్ల మందాన పరవండి. కుండ గోడలోంచి నీళ్లు ఆవిరవుతూ లోపల చల్లగా ఉంటుంది. మన తాగునీటి కుండ చేసే పనే. పొట్టు ఎంత తడిగా ఉండాలి? పిడికిట్లో పిండితే ఉండ కట్టాలి, చుక్క కారకూడదు. చుక్క కారితే రెండు మూడు వారాల్లో పాము కడుపు కింది పొలుసులు ఎర్రబడి బొబ్బలు వస్తాయి. గూడు ఇరుకుగా ఉండాలి. పాము చుట్టుకుని పడుకుంటే దాని వీపు గూటి గోడలకు తగలాలి. విశాలమైన గూటిలో పాముకు భయం పోదు. అయితే కుండకు చిన్న బెజ్జం చేసి అదే దారి అనుకోవద్దు. ఎలుకను మింగి లావైన పాము ఆ బెజ్జంలో ఇరుక్కుంటుంది. అందుకే సగం కుండ. ఇలాంటిదే పొడి గూడు ఇంకొకటి వెచ్చని వైపు పెట్టాలి. ఒకే గూడు ఉంటే పాము వేడికీ భద్రతకూ మధ్య ఒకదాన్నే ఎంచుకోవాలి, అప్పుడది భద్రతనే ఎంచుకుని ఎండలో మాడుతుంది.

చల్లని వైపు అడుగున కడప బండ వేసుకోండి. ఇది మనకు చవగ్గా దొరికే గొప్ప వస్తువు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క దాదాపు 5 కిలోలు తూగుతుంది. ఆ బరువు వల్లే అది నెమ్మదిగా వేడెక్కుతుంది. తెల్లవారుజామున కిటికీ తెరిచి చల్లబరిస్తే మధ్యాహ్నం దాకా చల్లదనం నిలుస్తుంది. పాము వచ్చి దాని మీద కడుపు ఆనించి పడుకుంటుంది. ఒక్క జాగ్రత్త మరవొద్దు. బండను పొట్టు మీద పెట్టకూడదు, పెట్టె అడుగుకే ఆనించి పెట్టి చుట్టూ పొట్టు పోయాలి. పొట్టు మీద పెడితే పాము కింద తవ్వుకుని దూరుతుంది, బండ కుంగి దాని మీద పడుతుంది.

పరిచే పొట్టు గురించి కూడా చెప్పేస్తాను. మనకు వేరుశనగ పొట్టు ఊరికే దొరుకుతుంది కదా అని చాలామంది అదే పోస్తారు. వద్దు. తడి తగిలితే బూజు పడుతుంది, పొడిగా ఉంటే దుమ్ము లేస్తుంది, ముక్కలు నోట్లో గుచ్చుకుంటాయి. రంపపు పొట్టులో ఏ చెక్క కలిసిందో తెలియదు. కొబ్బరి పొట్టు ఇటుకలు కొని, నానబెట్టి, పిండి, ఒక పూట నీడలో ఆరనిచ్చి నాలుగు వేళ్ల మందాన పరవండి. రెండు నెలలకొకసారి మొత్తం మార్చండి, రెట్ట కనిపిస్తే ఆరోజే తీసేయండి.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి? లీటరు నీళ్ల సీసాలు రెండు ఎప్పుడూ డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉంచుకోండి. కరెంటు పోయి పెట్టెలో 33 దాటగానే సీసాకు తువ్వాలు చుట్టి పెట్టె పైన, చల్లని చివర మీద పెట్టండి. పెట్టె లోపల వద్దు, మంచుకు ఆనుకుంటే చర్మం దెబ్బతింటుంది. పెట్టె మీద తడిపిన గోనె సంచి కప్పి, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. ఎండదెబ్బ తగిలిన పాము ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోండి. మొదట పెట్టెంతా ఆగకుండా తిరుగుతుంది, మూతను ముక్కుతో పొడుస్తుంది. తర్వాత నీళ్ల గిన్నెలోంచి బయటికి రాదు. ఆ తర్వాత నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. చివరికి వెల్లకిలా తిప్పితే తిరిగి బోర్లా పడలేకపోతుంది. నోరు తెరిచే దాకా వచ్చిందంటే ఆలస్యం చేయొద్దు. 25, 26 డిగ్రీల నీళ్లు, అంటే చేతికి చల్లగా తగిలే మామూలు నీళ్లు, పాము ఒంటి మందంలో సగం లోతు మాత్రమే పోసి అందులో పెట్టండి. తల నీళ్లపైన ఉండేలా పట్టుకోండి. ఐసు నీళ్లు పోయొద్దు. అది తేరుకుంటుండగానే డాక్టరుకు ఫోన్ చేయండి.

చలికాలం గురించి కొద్దిగానే చెబుతాను. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన ఊళ్లలో 16, 17కు పడిపోతుంది. అప్పుడు మాత్రమే హీట్ మ్యాట్ కావాలి. మ్యాట్ పెట్టె కింద, మూడో వంతు భాగానికే. వేడిని హద్దులో ఆపే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గు పెట్టనే పెట్టొద్దు. దాన్ని 32లో ఉంచండి. థర్మోస్టాట్ ఉన్నా పాములు కాలడం ఎందుకు జరుగుతుందంటే, వేడిని కొలిచే ప్రోబు వైరు పక్కకు జరుగుతుంది. అప్పుడది చల్లని గాలిని కొలిచి, ఇంకా వేడి కావాలని మ్యాట్‌ను ఆపకుండా నడుపుతుంది. పాము కాలుతున్నా అక్కడే పడుకుంటుంది, మనలాగా వెంటనే లేచిపోదు. ప్రోబును మ్యాట్‌కూ పెట్టె అడుగుకూ మధ్య, బయటి వైపు కదలకుండా బిగించండి. పెట్టె లోపల టేపు వాడొద్దు. టేపుకు అంటుకుంటే పొలుసులు ఊడి వస్తాయి. ఒకవేళ అంటుకుంటే లాగకండి. వేరుశనగ నూనె రాసి పది నిమిషాలు ఆగితే జిగురు వదులుతుంది. ఇక ఫిబ్రవరి నెలాఖరుకు మ్యాట్ ప్లగ్గు పీకి అటక మీద పెట్టేయండి. ఎండాకాలంలో థర్మోస్టాట్ ఉంది కదా అని వదిలేస్తే, అది పాడైన రోజున పెట్టె పొయ్యి అవుతుంది.

(ప్రశ్న: నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కదా, ఇంట్లో పాముకు పాలు ఇవ్వొచ్చా?)

పుట్టకు మొక్కడం మన భక్తి, అది వేరే సంగతి. పాము కడుపు మాత్రం పాలను అరిగించుకోలేదు. రోజుల తరబడి దాహంతో ఉంచిన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. ఆడించేవాళ్లు చేసేది అదే. మీ పాముకు నీళ్లు చాలు. బరువైన, పాము మొత్తం చుట్టుకుని మునిగేంత గిన్నె పెట్టి రోజూ మార్చండి. కోడి మెడలు, గుడ్లు, మాంసం ముక్కలు కూడా తిండి కాదు. పాముకు కావలసిన కాల్షియం, విటమిన్లు ఎలుకలో ఎముకలు, పేగులు, కాలేయం అన్నీ కలిపి ఉంటాయి. ముక్కల్లో ఉండవు.

తిండి దగ్గర మన ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఇంట్లోనో చేనులోనో పట్టిన ఎలుకను పెట్టడం. ఎలుకల మందుగా మన చేలల్లో జింక్ ఫాస్ఫైడ్ పెడతారు, ఇళ్లల్లో బ్రోమాడియోలోన్ బిళ్లలు పెడతారు. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు నాలుగు రోజులు తిరుగుతుంది. ఆ ఎలుక కాలేయంలో ఉన్న మందు పాముకు చేరుతుంది. దానికి తోడు పేగు పురుగులు, ఒంటిని పట్టే మైట్లనే సన్న పురుగులు. అందుకే తిండి కోసమే పెంచిన, గడ్డకట్టించిన ఎలుకలే వాడాలి. అవి మన ఊళ్లో దొరకకపోతే హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఐసు పెట్టెలో తెప్పించుకోవాలి. దారిలో కరిగిపోయి వచ్చినవాటిని మళ్లీ గడ్డకట్టించి వాడొద్దు. కాబట్టి వేసవిలో రాత్రి బస్సుకు వచ్చే ఏర్పాటు చేసుకోండి. ఇంట్లో వంట సామానుకు దూరంగా, వేరే డబ్బాలో, మైనస్ 18లో ఆరు నెలల దాకా ఉంటాయి.

ఎంత పెట్టాలి? పామును వంటింటి డిజిటల్ త్రాసు లాంటిది వేరుగా ఒకటి కొని నెలకొకసారి తూచండి. పిల్ల పాము 60, 70 గ్రాములుంటుంది. దానికి ఒంటి బరువులో 10 నుంచి 15 శాతం తూగే ఎలుక, ఏడు రోజులకొకసారి. 500 గ్రాములు దాటాక 7 శాతం, రెండు వారాలకొకసారి. కిలోన్నర పెద్ద పాముకు 5 శాతం, అంటే 75 గ్రాముల ఎలుక ఒకటి మూడు వారాలకొకసారి చాలు. ఆకలిగా చూస్తోందని ఎక్కువ పెట్టకండి. ఇంట్లో పాములకు ఆకలి కంటే కొవ్వే చేటు చేస్తుంది.

ఎలుకను ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. మరుసటి రాత్రి దాన్ని జిప్ కవరులో వేసి, 40 డిగ్రీల నీళ్లలో పావుగంట ముంచండి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. తుడిచి పొడి చేసి, అడుగు పొడవు పట్టకారుతో నడుం దగ్గర పట్టుకుని పాము గూటి ముందు మెల్లగా కదిలించండి. బాల్ పైథాన్ పై పెదవి మీద వేడిని పసిగట్టే గుంటలు వరసగా ఉంటాయి. ఎలుక తల వెచ్చగా, పెట్టె గాలి కంటే బాగా వెచ్చగా ఉంటేనే దానికది ఎలుక. ఎండాకాలంలో గది 36 ఉన్నప్పుడు పాము తినకపోవడానికి ఒక కారణం ఇదే. గదిలో వేడి, ఎలుకలో వేడి ఒకటైపోయి దానికి తేడా తెలియదు. రాత్రి పది తర్వాత గది చల్లబరిచి పెట్టండి. రెండు మూడు గంటల్లో ముట్టకపోతే తీసి పారేయండి, మళ్లీ గడ్డకట్టించొద్దు. తిన్నాక 48 గంటలు ముట్టుకోవద్దు. బతికున్న ఎలుకను వదలడం అసలు వద్దు. ఆకలి లేని పామును ఎలుకే కొరికి తింటుంది.

తిన్నది కక్కేసిందా? ఎలుక పెద్దదైనా, తిన్న వెంటనే ఎత్తుకున్నా, పెట్టె బాగా వేడెక్కినా, బాగా చల్లబడినా కక్కుతుంది. రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఆగి, మామూలులో సగం సైజు ఎలుకతో మొదలుపెట్టండి. వెంటనే మళ్లీ పెడితే మళ్లీ కక్కుతుంది, ఈసారి గొంతు దెబ్బతింటుంది. పెట్టెను ఎంత ప్రయత్నించినా 33 కిందికి దించలేని వారాల్లో తిండి మానేయండి. పెద్ద బాల్ పైథాన్ నెల, రెండు నెలలు తినకపోవడం దాని స్వభావంలోనే ఉంది. ఒంటి బరువులో పదో వంతు తగ్గితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

కుబుసం గురించి. కళ్లు పాలపొర కమ్మినట్టు నీలంగా మారతాయి, కడుపు గులాబీ రంగు తేలుతుంది. కొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత మరికొన్ని రోజులకు కుబుసం విడుస్తుంది. ఈ రోజుల్లో తేమ 70 శాతానికి పెంచండి, తిండి పెట్టొద్దు, ఎత్తుకోవద్దు. సరిగ్గా విడిస్తే మేజోడు తిరగేసినట్టు ఒకే ముక్కగా వస్తుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. కళ్ల మీది రెండు గుండ్రటి పొరలు ఉన్నాయా, తోక కొస ఉందా? ముక్కలు ముక్కలుగా వస్తే గాలి పొడిగా ఉందని అర్థం. మన ఊళ్లో ఏప్రిల్, మేల్లో ఇది మాటిమాటికీ జరుగుతుంది. మిగిలిన ముక్కల కోసం 28 నుంచి 30 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, తర్వాత తడి తువ్వాలును వదులుగా చుట్టి దాని లోంచి పామును పాకనివ్వండి. తువ్వాలు రాపిడికే వచ్చేస్తుంది. కంటి పొరను గోటితో, చిమటాతో లాగొద్దు. కింద కొత్త పొర కూడా ఊడి కన్ను పోతుంది. తోక కొసన చుట్టుకుపోయిన ఉంగరం లాంటి ముక్కను వదిలేయొద్దు. అది రక్తాన్ని ఆపి కొసను ఎండబెడుతుంది.

(ప్రశ్న: దోమల మందు పెట్టుకోవచ్చా? పిల్లలున్నారు.)

పాము ఉన్న గదిలో ప్లగ్గు ద్రవాలు, కాయిల్స్, స్ప్రేలు వద్దు. వాటిలో ఉండేవి పైరెత్రాయిడ్ అనే పురుగుమందులు. అవి పాము నరాల మీద పనిచేస్తాయి, తల వణుకుతుంది, తిన్నగా పాకలేదు. దోమతెర కట్టుకోండి, కిటికీలకు జాలీ కొట్టించండి. తల వణుకు గురించి ఇంకో సంగతి. స్పైడర్ అనే రంగు రకం బాల్ పైథాన్లకు పుట్టుకతోనే తల వంకర తిరిగే లోపం ఉంటుంది. ఆ రంగును తెచ్చే జన్యువుతోనే ఆ లోపమూ వస్తుంది. ఆ రకం కొనకండి. కొనేవాళ్లు లేకపోతే పుట్టించేవాళ్లూ ఉండరు.

మైట్లు అంటే గసగసాల్లో సగం ఉండే నల్ల పురుగులు. పాము రోజంతా నీళ్లలోనే ఉంటే, గిన్నె అడుగున నల్ల చుక్కలు కనిపిస్తే అవే. తెల్ల కాగితం మీద పామును పాకించి చూడండి. అంగట్లో దొరికే కుక్కల పిడుదుల మందు కొట్టొద్దు, డాక్టరు చెప్పిందే వాడాలి. పెట్టెలో పొట్టంతా కవరులో కట్టి బయట పారేసి, గూళ్లు వేడినీళ్లతో కడిగి, నాలుగైదు వారాలు పాత పేపరు మీద ఉంచండి. కొత్త పామును తెచ్చినప్పుడు 90 రోజులు వేరే గదిలో ఉంచమనేది ఇందుకే.

ఊపిరి తీసేటప్పుడు ఈల లాంటి చప్పుడు, ముక్కు దగ్గర నురగ, తల పైకెత్తి ఉండటం కనిపిస్తే ఊపిరితిత్తుల జబ్బు. మన దగ్గర ఇది డిసెంబరులో వస్తుంది, తడి ఎక్కువై చలి తగిలినప్పుడు. ఇంటి వైద్యం లేదు, యాంటీబయాటిక్ కావాలి.

పామును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరోగ్యంగా ఉన్న పాము రెట్టలో కూడా మనకు జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికివ్వద్దు. పాము గిన్నెలను వంటింటి సింకులో కడగొద్దు.

(ప్రశ్న: పెట్టెలోంచి తప్పించుకుంటే?)

ముందు పొరుగువాళ్లకు చెప్పండి. దాచిపెట్టొద్దు. బాల్ పైథాన్ ఒంటి మీది గోధుమ, నలుపు మచ్చలను చూసి జనం రక్తపింజర అనుకుని కర్ర తీస్తారు. ఫోటో చూపించి, కనిపిస్తే తొట్టి బోర్లించి మీకు ఫోన్ చేయమనండి. దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టేవాళ్లున్నారు. రక్తపింజర వీపు మీద కోలగా ఉన్న మచ్చలు మూడు వరసల్లో గొలుసులా సాగుతాయి, పొలుసులు గరుకుగా ఉంటాయి, ముట్టుకోబోతే కుక్కరులా బుస కొడుతుంది. పెంపుడు పాము ఉన్న ఇంట్లో వాళ్లకు పాములంటే భయం తగ్గుతుంది. ఆ తగ్గిన భయంతోనే బయటి పాము మీద చెయ్యి వేస్తారు. వాకిట్లో కనిపించిన ఏ పామునూ మీది అనుకోకండి, పెట్టె ఖాళీగా ఉందో లేదో ముందు చూసి రండి. కాటు పడితే 108కి ఫోన్ చేసి, కదలకుండా ఉంచి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కట్లు బిగించొద్దు, కోయొద్దు.

ఇంట్లో వెతికేటప్పుడు పెట్టె చుట్టూ నాలుగు గజాల లోపే మొదలుపెట్టండి. ఎండాకాలంలో అది చల్లని చోటుకు పోతుంది, అంటే బాత్రూం మూల, కూలరు కింద, నీళ్ల డ్రమ్ము వెనక, బియ్యం మూటల మధ్య. చలికాలంలో ఫ్రిజ్ మోటారు వెనక, టీవీ వెనక. దొరకకపోతే రాత్రి పడుకునే ముందు ప్రతి గడప దగ్గర బియ్యప్పిండి పలచగా చల్లండి. తెల్లారేసరికి ఏ గడప దాటిందో ఆ పిండి మీద గీత చెబుతుంది. తలుపుల కింద సందులు గుడ్డలతో మూసి, గీత కనిపించిన గదిలోనే వెతకండి. చాలాసార్లు మూడు నాలుగు రాత్రుల్లో దొరుకుతుంది.

(ప్రశ్న: జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి?)

మనకు దగ్గర్లో ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. ముందుగా ఫోన్ చేసి, సరీసృపాలను చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. పామును నూలు సంచిలో వేసి మూతి ముడి వేయండి, దిండు గలీబు సరిపోతుంది. ఆ సంచిని గోడలకు పెన్సిలు మందం రంధ్రాలు పది పన్నెండు చేసిన థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. ఎండాకాలం అయితే తువ్వాలు చుట్టిన చల్లనీళ్ల సీసా ఒక మూలన, సంచికి తగలకుండా పెట్టండి. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, నెలనెలా బరువు, పెట్టెలో వేడి, తేమ రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఎండ ముదిరే లోపు చేరతారు. దారిలో టీకి ఆగినా పాము పెట్టెను మూసిన కారులో వదిలి దిగొద్దు, చేత్తో పట్టుకుని దిగండి.